పొడవు పని పొడవుకే వదలండి

(బెంగళూరులో తెలుగువారి ఆదివారపు సమావేశంలో, గోల్ఫ్ కొత్తగా నేర్చుకుంటున్నవారి కోసం జరిగిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందే రేంజ్‌కు, అంటే బంతులు కొట్టి అభ్యాసం చేసే చోటికి, వెళ్ళే అవకాశం ఉండి కూడా దాన్ని మానుకుని ఇక్కడికి వచ్చినందుకు మీకు కృతజ్ఞతలు. వెనక వరుసలో ఉన్నవారికి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, నేనే ముందుకు జరుగుతాను.

నన్ను పిలిచినవారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. అది మీ అందరి ప్రశ్న అని కూడా చెప్పారు. మధ్యరకం పొడవున్న సెవెన్ ఐరన్ క్లబ్‌తో బంతి బాగానే లేస్తోంది, బాగానే వెళ్తోంది. అదే మనిషి, అదే రోజు, అదే చాప మీద నిలబడి పొడవైన క్లబ్ అయిన డ్రైవర్ తీయగానే బంతి కుడివైపుకు కొట్టుకుపోతోంది, లేదా నేలమీద దొర్లుతోంది. ఎందుకు? ఈ ఆటలోకి వచ్చిన ప్రతివారూ మొదటి ఏడాదిలో ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతారు. కొందరు అక్కడే విసిగి ఆట మానేస్తారు. అలా మానేసినవారిని నేను చూశాను, వారి గురించి నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ అడ్డంకి చాలావరకు వారి అవగాహనలో ఉన్నదే తప్ప వారి శరీరంలో ఉన్నది కాదు.

ఈ రెండు క్లబ్బులనూ చూడండి. ఇది సెవెన్ ఐరన్, పొడవు సుమారు 37 అంగుళాలు. ఇది డ్రైవర్, సుమారు 45 అంగుళాలు. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయీ, ఒకసారి రెండింటినీ చెరొక చేత్తో పట్టుకుని చూడమ్మా. ఏది బరువు? చూశారా, పొడవైనదే తేలిక. డ్రైవర్ తల సుమారు 200 గ్రాములు ఉంటుంది, సెవెన్ ఐరన్ తల సుమారు 270 గ్రాములు. పొడవైన క్లబ్బును చూడగానే మనకు అది బరువైన పనిముట్టులా కనిపిస్తుంది, బరువైన పనిముట్టుకు బలం కావాలని మనసు అనుకుంటుంది, భుజాలు బిగుసుకుంటాయి. అసలు పొరపాటు ఆ క్షణంలోనే, క్లబ్ ఇంకా కదలకముందే జరిగిపోతుంది.

మీలో అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారని తెలుసు. జొన్నచేలో మంచె ఎక్కి వడిసెల తిప్పి పిట్టలను తోలడం మీరు చూసే ఉంటారు, కొందరు చేసి కూడా ఉంటారు. వడిసెల తాడు పొడవైనకొద్దీ రాయి దూరం వెళ్తుంది. అందుకోసం చెయ్యి ఇంకా వేగంగా తిప్పాల్సిన పని లేదు. చెయ్యి అంతే వేగంతో తిరిగినా, పొడవైన తాడు చివర ఉన్న రాయి అదే సమయంలో పెద్ద వలయం చుట్టి రావాలి కాబట్టి దాని వేగం దానంతట అదే పెరుగుతుంది. మరి రాయి ఎప్పుడు దారి తప్పుతుంది? తిప్పేవాడు తొందరపడి మధ్యలో చేతిని విదిలించినప్పుడు. అలా విదిలిస్తే తాడు వదులవుతుంది, రాయి పక్కచేలోకి పోతుంది. పొడవైన గోల్ఫ్ క్లబ్ సంగతి కూడా అచ్చంగా ఇదే. వేగం పొడవులో ముందే ఉంది. మనం చేయవలసింది దానికి అడ్డురాకుండా ఉండడం.

దీనికి లెక్క కూడా ఉంది. అమెరికాలో వృత్తి ఆటగాళ్ళు ఆడే పీజీఏ టూర్‌లోని మగ ఆటగాళ్ళ క్లబ్ వేగాన్ని రాడార్ యంత్రాలతో కొలిచినప్పుడు, సెవెన్ ఐరన్‌తో సగటున గంటకు సుమారు 90 మైళ్ళు, డ్రైవర్‌తో సుమారు 113 మైళ్ళు కనిపించింది. ఆ తేడాలో పెద్ద భాగం పొడవు, తేలికైన తల ఇచ్చినదే అని నేను నమ్ముతాను. వారి స్వింగ్‌లను పక్కపక్కన పెట్టి చూడండి, డ్రైవర్ కొట్టేటప్పుడు వారి ముఖంలో పళ్ళు బిగించిన ఛాయ ఉందేమో వెతకండి.

మరి నేను మొదటి ఏడాది ఏం చేశాను? డ్రైవర్‌ను నరికినట్టు కొట్టాను. బంతి ఎంత వంకరగా పోతే అంత గట్టిగా కొట్టాను. వర్షాకాలం ముగిసేసరికి ఎడమ మోచేయి వాచింది, ఆరు వారాలు క్లబ్ ముట్టుకోకూడదని డాక్టరు చెప్పారు. ఆ ఆరు వారాలలోనే, చేతిలో క్లబ్ లేకుండా కూర్చుని ఇతరులు కొడుతుంటే చూస్తూ, ఈ విషయం నాకు అర్థమైంది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. సెవెన్ ఐరన్‌తో తిన్నగా వెళ్ళే బంతి డ్రైవర్‌తో ఎందుకు వంగుతుంది? మన తప్పు డ్రైవర్‌తోనే మొదలవుతుందా? కాదండీ. తప్పు పొట్టి క్లబ్‌లో కూడా ఉంది, అక్కడ దాగి ఉంది. దీన్ని కొంచెం ఓపిగ్గా వినండి, ఇది అర్థమైతే మిగిలినదంతా సులభం.

మొదట దూరం సంగతి. బంతి ఏ దిక్కుకు బయలుదేరుతుందన్నది చాలావరకు క్లబ్ ముఖం, అంటే ఫేస్, తాకిన క్షణంలో ఎటు చూస్తోందన్నదాని మీద ఆధారపడుతుంది. బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరితే 100 గజాల దగ్గర అది గజంముప్పావు తప్పుతుంది, 200 గజాల దగ్గర మూడున్నర గజాలు తప్పుతుంది. అయిదు డిగ్రీలు తప్పితే 200 గజాల దగ్గర 17 గజాలు దాటుతుంది. ఇది కూడా బంతి ఏమాత్రం వంగకుండా వెళ్ళినప్పటి లెక్క. కానీ అది వంగకుండా వెళ్ళదు కదా?

వంపు ఎక్కడినుంచి వస్తుంది? బంతి గాలిలో వెనక్కి తిరుగుతూ ఎగురుతుంది. ఆ తిరుగుడుకు, బండి చక్రానికి ఉన్నట్టే, ఒక ఇరుసు ఉందనుకోండి. ఇరుసు నేలకు సమాంతరంగా ఉన్నంతసేపు బంతి పక్కకు వంగదు. ఇరుసు ఏ పక్కకు వాలితే బంతి ఆ పక్కకే వంగుతుంది. ఇరుసు ఎందుకు వాలుతుంది? క్లబ్ వెళ్తున్న దారి ఒకటి, ముఖం చూస్తున్న దిక్కు మరొకటి అయినప్పుడు వాలుతుంది. ఎంత వాలుతుందన్నది క్లబ్ లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలి ఉండే కోణం, మీద ఆధారపడుతుంది. మోటు లెక్క చెప్తాను. దగ్గరి దెబ్బలకు వాడే పొట్టి క్లబ్, పిచింగ్ వెడ్జ్, లాఫ్ట్ 44 డిగ్రీలు అనుకుందాం, ముఖానికీ దారికీ మధ్య తేడా నాలుగు డిగ్రీలు అనుకుందాం. 44లో నాలుగు అంటే పదకొండో వంతు. వెనక్కి తిరిగే శక్తి అంత బలంగా ఉన్నప్పుడు ఈ చిన్న పక్క తోపును అది మింగేస్తుంది. డ్రైవర్ లాఫ్ట్ 11 డిగ్రీలు అనుకుందాం. అదే నాలుగు డిగ్రీల తేడా ఇప్పుడు మూడో వంతు కంటే ఎక్కువ. ఇరుసు బాగా వాలిపోతుంది, బంతి అరటిపండులా వంగి కుడివైపు చెట్లలో పడుతుంది. మనిషీ మారలేదు, తప్పూ మారలేదు, లాఫ్ట్ ఒక్కటే మారింది. డ్రైవర్‌తో ఇలా కుడివైపుకు వంగే దెబ్బ, అంటే స్లైస్, వచ్చినవారు డ్రైవర్‌ను తిట్టుకుంటారు. అది మనకు ఇంతవరకు కనిపించని తప్పును చూపిస్తోంది, అంతే.

అందుకే నేను చెప్పే మొదటి మార్పు స్వింగ్‌లో కాదు, సంచిలో. ఎక్కువ లాఫ్ట్ ఉన్న పొడవు క్లబ్బులను ఎంచుకోండి. కొత్తగా మొదలుపెట్టినప్పుడు నాకు ఒక దుకాణంలో త్రీ ఐరన్, ఫోర్ ఐరన్ ఉన్న పూర్తి సెట్టును అంటగట్టారు, అవి లేకపోతే సెట్టు అసంపూర్ణమని చెప్పారు. రెండేళ్ళు మోశాను. వాటితో బాగా తగిలిన దెబ్బలు నాకు గుర్తున్నంతవరకు చాలా తక్కువ. అలాంటి లాంగ్ ఐరన్ ముఖం సన్నం, లాఫ్ట్ తక్కువ, బరువు పైకి ఉంటుంది, మంచి వేగం ఉన్నవారికి తప్ప అది బంతిని తగినంత ఎత్తుకు లేపదు. ఐరన్‌కూ వుడ్‌కూ మధ్యరకమైన హైబ్రిడ్‌లో బరువు కిందకూ వెనక్కీ ఉంటుంది కాబట్టి, కొంచెం పక్కన తగిలినా బంతి లేస్తుంది. నియమాల ప్రకారం 14 క్లబ్బుల వరకు మోయవచ్చు, కానీ 14 మోయాలని ఏ నియమమూ లేదు. మొదటి ఏడాదికి 12 డిగ్రీల దగ్గర లాఫ్ట్ ఉన్న డ్రైవర్, ఒక ఫైవ్ వుడ్ లేదా సెవెన్ వుడ్ (డ్రైవర్‌లాంటివే, కానీ ఎక్కువ లాఫ్ట్ ఉన్నవి), ఒక ఫైవ్ హైబ్రిడ్, సెవెన్ ఐరన్, నైన్ ఐరన్, రెండు వెడ్జ్‌లు, బంతిని గుంటలోకి దొర్లించే పట్టర్. ఎనిమిది క్లబ్బులు చాలు. త్రీ వుడ్ ఎందుకు లేదని అడుగుతారేమో. త్రీ వుడ్ లాఫ్ట్ సుమారు 15 డిగ్రీలు, దాన్ని టీ, అంటే బంతిని నిలిపే చిన్న పుల్ల, లేకుండా నేలమీది బంతికి కొట్టడం ఈ ఆటలో కష్టమైన దెబ్బలలో ఒకటి. సెవెన్ వుడ్ 21 డిగ్రీలు, అది పావురంలా లేస్తుంది. ధైర్యం కూడా అభ్యాసంలో భాగమే కాబట్టి, మొదట లేచే క్లబ్బునే కొనండి.

ఇక నిలబడే తీరు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను కుడిచేతి వాటం వారికి చెప్తున్నాను, ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలను మార్చుకోండి.

స్వింగ్ మార్చకండి, నిలబడడం మార్చండి, స్వింగ్ దానంతట అదే మారుతుంది. సెవెన్ ఐరన్‌కు బంతి రెండు పాదాల మధ్యకు దగ్గరగా ఉంటుంది. హైబ్రిడ్‌కు అక్కడినుంచి ఒక బంతి వెడల్పు ఎడమకు. ఫైవ్ వుడ్, సెవెన్ వుడ్ లాంటి ఫెయిర్‌వే వుడ్‌కు మరికొంచెం ఎడమకు. డ్రైవర్‌కు ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా. పాదాల మధ్య దూరం కూడా క్లబ్ పొడవుతో పాటు పెరుగుతుంది, డ్రైవర్‌కు అది భుజాల వెడల్పును కొంచెం దాటుతుంది. గ్రిప్, అంటే క్లబ్ పిడి, చివరకూ మీ తొడకూ మధ్య ఎడం చూసుకోండి. సెవెన్ ఐరన్‌కు బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ, డ్రైవర్‌కు జానెడు కంటే కొంచెం తక్కువ. కొత్తవారు చాలామంది పొడవైన క్లబ్‌తో బంతికి మరీ దూరంగా నిలబడి చేతులు చాస్తారు. చేతులు చాస్తే బరువు కాలివేళ్ళ మీదకు వస్తుంది, ఆ తర్వాత శరీరం తూలకుండా ఉండటానికే సగం శక్తి పోతుంది. చేతులు భుజాలనుంచి వేలాడాలి. తోరణం వేలాడినట్టు, లాగిన తాడులా కాదు.

డ్రైవర్‌కు మాత్రమే ఇంకొక మార్పు ఉంది. కుడి చెయ్యి గ్రిప్ మీద కింద ఉంటుంది కాబట్టి కుడిభుజం సహజంగానే కొంచెం కిందకు ఉంటుంది. డ్రైవర్ పట్టుకున్నప్పుడు దాన్ని మరికొంచెం కిందకు రానివ్వండి, వెన్ను బంతికి దూరంగా, మీ కుడివైపుకు, స్వల్పంగా వాలుతుంది. టీని ఎంత ఎత్తు పెట్టాలి? డ్రైవర్‌ను నేలమీద ఉంచినప్పుడు బంతిలో సగం డ్రైవర్ తల పై అంచుకు పైన కనిపించాలి.

ఇదంతా ఎందుకు? ఎందుకంటే పొడవు క్లబ్బులన్నీ ఒకే రకం దెబ్బ కావు. ఈ తేడాను ఎవరూ మొదట చెప్పరు. సెవెన్ ఐరన్ కిందకు దిగుతూ బంతిని తాకుతుంది, ఆ తర్వాత నేలను తాకుతుంది. డ్రైవర్ తన వలయంలో అడుగుకు చేరి, మళ్ళీ పైకి లేవడం మొదలుపెట్టాక బంతిని తాకితే మంచిది, అందుకే బంతి ఎడమవైపు, టీ మీద ఉంటుంది. స్త్రీల వృత్తి పోటీలైన ఎల్పీజీఏ టూర్‌లో ఆడే స్త్రీలు డ్రైవర్‌ను సగటున మూడు డిగ్రీల దగ్గర పైకి కొడతారు. వారి క్లబ్ వేగం గంటకు సుమారు 94 మైళ్ళు, బంతి గాలిలోనే సుమారు 218 గజాలు వెళ్తుంది. టూర్ మగవారు సగటున ఒక డిగ్రీ దగ్గర కిందకే కొడతారు, వారికున్న వేగానికి అది చెల్లుతుంది. కాబట్టి టీవీలో ఎవరిని చూసి నేర్చుకోవాలి? మీరు మగవారైనా సరే, ఎల్పీజీఏ చూడండి. గంటకు 94 మైళ్ళ వేగం ఈ హాలులో చాలామంది మగవారి చేతుల్లో ఇప్పటికే ఉంది, లేనిది ఆ తాకిడి.

ఫెయిర్‌వే వుడ్, హైబ్రిడ్ వేరు. అక్కడ టీ లేదు, బంతి గడ్డి మీద ఉంది. అది లేవాలని మనం బంతి కిందకు దూరి ఎత్తబోతాం, బరువు కుడికాలి మీద మిగిలిపోతుంది, క్లబ్ బంతికి వెనక నేలను తన్నుతుంది, లేదా పైకి లేస్తూ బంతి నెత్తిని గీరుతుంది. బంతిని లేపడం మీ పని కాదు, లాఫ్ట్ పని. మీ పని కొడవలితో గడ్డి కోసినట్టు, నేలను తాకీ తాకకుండా క్లబ్‌ను పోనివ్వడం. బంతి ఉన్నచోటనో, దాన్ని దాటి రెండంగుళాలు ముందుకో గడ్డి చెదరాలి. ఆ చప్పుడు వినండి. తవ్విన చప్పుడు కాదు, రాచిన చప్పుడు రావాలి. బంతి లేకుండా పదిసార్లు ఆ చప్పుడు వచ్చేదాకా గడ్డిని రాయండి, ఆ తర్వాతే బంతి పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైనదానికి వస్తున్నాను. క్లబ్ పైకి వెళ్ళింది, ఇక కిందకు రావాలి. ఆ మలుపు దగ్గర ఏం జరుగుతోంది? తొందర. కుడిభుజం ముందుకు తోసుకొస్తుంది, క్లబ్ బయటినుంచి లోపలికి కోస్తూ వస్తుంది, క్లబ్ ముఖం తెరిచి, అంటే కుడివైపుకు చూస్తూ, ఉంటుంది. కొత్తవారి స్లైస్‌లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది. క్లబ్ బంతిని తాకి ఉండే కాలం సెకనులో రెండువేలవ వంతు కంటే తక్కువ, ఆ క్షణంలో దిద్దుకోవడం ఎవరి వల్లా కాదు. దిద్దుకోవాలంటే మలుపు దగ్గరే దిద్దుకోవాలి. మంచి ఆటగాళ్ళ స్వింగ్‌లో క్లబ్ పైకి వెళ్ళడానికి పట్టే కాలం, కిందకు వచ్చి బంతిని తాకడానికి పట్టే కాలానికి సుమారు మూడు రెట్లు ఉంటుంది. అందుకే పైకి వెళ్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోండి, నాలుగు అన్నప్పుడు బంతి తగలాలి. సెవెన్ ఐరన్‌కూ అదే లెక్క, డ్రైవర్‌కూ అదే లెక్క. డ్రైవర్ పట్టుకున్నప్పుడు మీ లెక్క ఒకటి, రెండు, నాలుగు అని అయిపోతోందా? అయితే మీరు వడిసెలను విదిలిస్తున్నారన్నమాట.

గ్రిప్ గురించి ఒక్క మాట. పైనుంచి చూసుకుంటే ఎడమచేతి మీద రెండు కణుపులు, వీలైతే మూడు, కనబడాలి. ఒకటే కనబడితే ముఖం తెరుచుకునే వస్తుంది. చిన్నపిల్లవాడి చెయ్యి పట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాటిస్తున్నప్పుడు ఎంత బిగువుగా పట్టుకుంటారో అంత చాలు. వాడు జారిపోకూడదు, వాడికి నొప్పీ పుట్టకూడదు.

ఇక అభ్యాసం. మీరు వెళ్ళే రేంజ్‌లలో ఎక్కువగా కృత్రిమ చాప ఉంటుంది. చాప దయగలది, కానీ నిజం చెప్పదు. క్లబ్ బంతికి మూడంగుళాల వెనక తగిలినా చాప మీద జారి బంతిని తాకుతుంది, మీకు బాగానే కొట్టినట్టు అనిపిస్తుంది, అదే దెబ్బ గడ్డి మీద మట్టిలో ఆగిపోతుంది. కాబట్టి ఫెయిర్‌వే వుడ్ అభ్యాసానికి వారానికి ఒక్కసారైనా నిజమైన గడ్డి వెతుక్కోండి. డ్రైవర్‌కు ఇంకొక సాధనం ఉంది, ఇంట్లో వాడే పౌడర్. క్లబ్ ముఖం మీద పలచగా అద్దండి, కొట్టిన తర్వాత బంతి మచ్చ ఎక్కడ పడిందో చూడండి. క్లబ్ మడమవైపు, అంటే తల కడ్డీకి కలిసే పక్క, పడితే చేతులు బయటకు వెళ్తున్నాయి, లేదా మీరు మరీ దగ్గరగా నిలబడ్డారు. మచ్చ మధ్యలోకి వచ్చేదాకా దూరం గురించి ఆలోచించకండి. గ్రిప్‌ను రెండంగుళాలు కిందకు పట్టుకుని మొదలుపెట్టండి, అలా పట్టుకుంటే 45 అంగుళాల డ్రైవర్ ఫైవ్ వుడ్‌కు దగ్గరి పొడవుకు వస్తుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకొకటి, 50 బంతుల బుట్టలో డ్రైవర్‌కు 12 బంతులకు మించి ఇవ్వకండి, ప్రతి మూడు డ్రైవర్ దెబ్బల తర్వాత రెండు సెవెన్ ఐరన్ దెబ్బలు కొట్టండి. లయ ఎక్కడ తప్పిందో సెవెన్ ఐరన్ గుర్తుచేస్తుంది.

ఈ ఊరి సంగతి కొంచెం చెప్పి ముగింపుకు వస్తాను. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలచన, అదే దెబ్బ చెన్నైలో కంటే ఇక్కడ కొద్దిగా దూరం వెళ్తుంది. చెన్నై వెళ్ళి ఆడినప్పుడు బంతి తగ్గితే కంగారుపడి గట్టిగా కొట్టకండి. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన అదితి అశోక్ 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, కాంస్యం ఒకే ఒక్క స్ట్రోక్, అంటే ఒక్క దెబ్బ, తేడాతో చేజారింది. తనతో ఆడినవారిలో చాలామంది కంటే ఆమె డ్రైవ్ పొట్టిది. ఇతరులు ఐరన్ తీసే దూరంలో ఆమె హైబ్రిడ్ లేదా వుడ్ తీయవలసి వచ్చేది, తీసి బంతిని గ్రీన్ మీద, అంటే గుంట ఉన్న నున్నటి పచ్చిక మీద, పెట్టేది. పొడవు క్లబ్‌ను నెమ్మదిగా, ఖచ్చితంగా కొట్టడం ఎంత దూరం తీసుకువెళ్తుందో ఆ నాలుగు రోజుల ఆట చూసి తెలుసుకోవచ్చు.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది. మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టే చోట, అందరూ చూస్తుంటే డ్రైవర్ తీయకపోతే చిన్నతనంగా ఉంటుంది, ఏం చేయాలి అని అడిగారు. మంచి ప్రశ్న, మనసులోని మాట అడిగారు. హైగ్రౌండ్స్‌లో 1876 నుంచి ఉన్న బెంగళూరు గోల్ఫ్ క్లబ్‌లోనైనా, చల్లఘట్టలోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలోనైనా, చెట్లలోకి పోయిన 220 గజాల బంతి కంటే ఫెయిర్‌వే, అంటే కత్తిరించిన గడ్డి దారి, మధ్యలో ఉన్న 160 గజాల బంతికి తర్వాతి దెబ్బ సులభం. రేంజ్‌లో పది డ్రైవర్ దెబ్బలలో ఆరు ఆడదగిన చోట పడేదాకా మొదటి టీ మీద ఫైవ్ వుడ్ తీయండి, బంతిని టీ మీద కొద్దిగా మాత్రమే పైకి పెట్టి, లెక్క పెట్టుకుంటూ కొట్టండి.

ఇప్పుడు అందరం బయట పచ్చికలోకి వెళ్దాం. మూడు సెవెన్ వుడ్‌లు, రెండు డ్రైవర్‌లు తెచ్చాను. నడుము నొప్పి ఉన్నవారు ముందు అటూ ఇటూ నెమ్మదిగా నడుము తిప్పుకోండి, నేరుగా క్లబ్ పట్టుకోవద్దు. మొదటి పావుగంట ఎవరికీ బంతి ఇవ్వను. ఒక్కొక్కరు గడ్డిని రాయండి, మిగిలినవారు కళ్ళు మూసుకుని చప్పుడు వినండి, తవ్విందో రాచిందో చెప్పండి. చప్పుడు కుదిరినవారికి బంతి ఇస్తాను.